వాడేసిన నూనెతో బయోడీజిల్: యంత్రం కొనేముందు నూనె సంగతి చూడండి

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. గుంటూరు, విజయవాడ హోటళ్లలోనూ కర్రీ పాయింట్లలోనూ వాడేసిన వంటనూనె కొని బయోడీజిల్ చేస్తే గిట్టుతుందా అన్నది ఒకటి. రోజుకు వెయ్యి లీటర్ల యంత్రం అమ్ముతానంటున్నాయన, మెకానిక్ షెడ్లలో దొరికే నల్ల ఇంజిన్ ఆయిల్ కూడా అందులోనే పోసుకోవచ్చన్నాడు, నమ్మొచ్చా అన్నది రెండోది. నేను వంటనూనెల రిఫైనరీ ల్యాబ్‌లో పని మొదలుపెట్టి, తర్వాత కోస్తాలోనే ఒక బయోడీజిల్ ప్లాంటులో ప్రొడక్షన్ చూసినవాణ్ణి. తెలిసినంత చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

రెండోదానికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది కాబట్టి ముందు అది. పోయకూడదు. ఆ మాటన్న ఆయనకు యంత్రాలు అమ్మడం వచ్చేమో గానీ నూనెల గురించి తెలీదు.

వంటనూనె, ఇంజిన్ ఆయిల్ రెండూ జిడ్డుగా ఉంటాయన్న మాటే గానీ రెండింటికీ పోలికే లేదు. వంటనూనెలో ప్రతి అణువూ ఒక గ్లిజరిన్‌కు అతుక్కున్న మూడు కొవ్వు ఆమ్లాలు. మెథనాల్ అనే ఆల్కహాల్, కొంచెం క్షారం కలిపి వేడి చేస్తే గ్లిజరిన్ విడిపోతుంది, కొవ్వు ఆమ్లాలు మెథనాల్‌తో కలిసి మిథైల్ ఎస్టర్లవుతాయి. మనం బయోడీజిల్ అనేది దాన్నే. ఇంజిన్ ఆయిల్ ముడిచమురు నుంచి వచ్చిన హైడ్రోకార్బన్. అందులో విడదీయడానికి గ్లిజరిన్ లేదు, మెథనాల్ పట్టుకోవడానికి ఆమ్లం లేదు. ఎంతసేపు కలియబెట్టినా పోసింది పోసినట్టే ఉంటుంది. పైగా అందులోని మసి, అరిగిన లోహపు పొడి, జింకు అడిటివ్‌లు, గంధకం మీ మంచి బ్యాచ్‌లోకి చేరి దాన్ని కూడా చెడగొడతాయి.

అలాగని నల్ల నూనె పనికిరానిదని కాదు. మన దగ్గర దాన్ని సెంట్రింగ్ రేకులకు పూసేస్తున్నారు, బట్టీల్లో తగలబెడుతున్నారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సరైన ప్లాంటులో దాన్నుంచి నీళ్లు, పెట్రోలు అంశ తీసేసి, మంచి వాక్యూమ్ కింద పల్చటి పొరగా పారిస్తూ డిస్టిల్ చేసి, చివర్లో హైడ్రోజన్‌తోనో బంకమట్టితోనో శుద్ధి చేస్తే కొత్త లూబ్రికెంట్లలో వాడే బేస్ ఆయిల్ వస్తుంది. వంద లీటర్ల పాత నూనెకు అరవై, డెబ్బై లీటర్ల దాకా రాబడి. అడుగున మిగిలిన తారులాంటి పదార్థం తారు తయారీవాళ్లు తీసుకుంటారు. అయితే అది కోట్ల పెట్టుబడి ఉన్న వ్యాపారం. వాడిన ఇంజిన్ ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా ఒక్క డ్రమ్ము కొని నిల్వ చేసినా నేరమే. 2024 ఏప్రిల్ నుంచి లూబ్రికెంట్ తయారీదారుల మీద వాడిన నూనెను తిరిగి శుద్ధి చేయించే బాధ్యత కూడా పెట్టారు కాబట్టి, లైసెన్సున్న రీరిఫైనర్లకు ముందు ముందు మంచి రోజులే. ఆ రంగంలోకి దిగాలంటే దాన్ని విడిగా ఆలోచించండి.

ఇంకో మాట. నల్ల నూనెనో టైర్లనో గాలి తగలకుండా కాచి డీజిల్ తీసే చిన్న యంత్రాలు కూడా మీకు చూపిస్తారు. వచ్చిన రోజు బంగారు రంగులో మెరుస్తుంది, పది రోజులకు నల్లబడి అడుగున జిగురు కడుతుంది. టైర్ల నూనెలో గంధకం దాదాపు ఒక శాతం ఉంటుంది, అంటే పది వేల పీపీఎం (పది లక్షల భాగాల్లో పది వేలు). ఇప్పుడు బంకుల్లో అమ్మే బీఎస్-6 డీజిల్‌లో ఉండాల్సింది 10 పీపీఎం లోపే. దాన్ని ఎవరి లారీలో పోస్తారు?

ఇక అసలు విషయం, వంటనూనె. ఈ వ్యాపారం మునిగినచోట్ల చాలావరకు యంత్రం చెడి మునగలేదు, నూనె దొరక్కో, దొరికిన నూనె పనికిరాకో మునిగింది. అడవి ఆముదం రోజులు గుర్తున్నాయా? 2003లో జాతీయ బయోడీజిల్ మిషన్ అన్నారు, 2011-12 కల్లా డీజిల్‌లో 20 శాతం కలుపుతామన్నారు. కానుగ, అడవి ఆముదం మొక్కలు బంజర్లంతా నాటించారు. ప్లాంట్లు లేచాయి గానీ గింజలు రాలేదు. 2018 జాతీయ జీవఇంధన విధానంలో ఆ లక్ష్యం 2030కి 5 శాతానికి దిగింది, దానికీ ఇంకా చాలా దూరంలోనే ఉన్నాం. కాబట్టి మీ దగ్గర పది లక్షలుంటే, తొమ్మిది యంత్రానికి, ఒకటి నూనెకు అని లెక్క వేసుకోకండి.

నూనెలో చూడాల్సినవి ముఖ్యంగా రెండు: నీళ్లు, పులుపు. పులుపంటే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్. బాండీలో గారెలు, బజ్జీలు వేగినప్పుడల్లా పిండిలోని తేమ మరిగే నూనెను విరగ్గొడుతుంది, గ్లిజరిన్ నుంచి కొవ్వు ఆమ్లాలు కొన్ని ఊడిపోతాయి. ఆ ఊడిపోయిన ఆమ్లం మీరు వేసే క్షారంతో కలిసి సబ్బవుతుంది. సబ్బు తయారైతే బయోడీజిల్, గ్లిజరిన్ రెండూ విడిపోకుండా పెరుగులా కలిసిపోతాయి. నీళ్లుంటే ఆ రోగం రెట్టింపవుతుంది. ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ ఒక శాతం లోపుంటే నేరుగా క్షారంతో పని కానిచ్చేయొచ్చు. రెండు, మూడు దాటితే ముందు ఇంకో దశ కావాలి, దాని సంగతి తర్వాత చెప్తాను.

దీన్ని కొలవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఏ హోటల్ దగ్గరైనా నూనె కొనేముందు ఈ పని చేయండి. డ్రమ్ము పైన తేట మాత్రం ముంచి తీయొద్దు. అమ్మేవాడు మీకు చూపించేది అదే. ఒక పొడవాటి ప్లాస్టిక్ గొట్టం అడుగుదాకా దించి, పైకొస బొటనవేలితో మూసి పైకి తీయండి. పై నుంచి కింది దాకా ఏమేం పొరలున్నాయో గొట్టంలోనే కనిపిస్తుంది: పైన నూనె, కింద నల్లటి పిండి మడ్డి, అన్నింటికన్నా అడుగున నీళ్లు. దాన్ని సీసాలోకి వంచి బాగా కలపండి. ఒక గ్రాము నూనె తూచి పది మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించండి, క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాల్ఫ్తలీన్ రెండు చుక్కలు వేయండి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక గ్రాము పొటాషియం హైడ్రాక్సైడ్ కరిగించిన ద్రావణాన్ని సిరంజితో చుక్క చుక్కగా వదలండి. ప్రతి చుక్కకూ గులాబీ రంగు మెరిసి మాయమవుతుంది. కలిపాక కూడా అర నిమిషం పాటు ఆ రంగు నిలిచిందంటే ఆపేయండి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో అదే మీ యాసిడ్ వాల్యూ. అందులో సగం వేసుకుంటే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ శాతం. ఎనిమిది మిల్లీలీటర్లు పడితే నాలుగు శాతమన్నమాట. ఆల్కహాల్‌కు కూడా కొంచెం పులుపుంటుంది, నూనె లేకుండా ఒకసారి చేసి ఆ అంకె తీసేయండి. పొటాషియం హైడ్రాక్సైడ్ బిళ్లలు కొత్త సీసాలో కూడా 85 శాతమే ఉంటాయి, మూత తెరిచి ఉంచితే గాలిలో తేమ పీల్చి ఇంకా తగ్గుతాయి. తూచేటప్పుడు ఆ తేడా వేసుకోండి.

నీళ్ల పరీక్ష ఇంకా తేలిక. చిన్న గిన్నెలో కాస్త నూనె 110 డిగ్రీలు దాటించండి. చిటపటలాడిందా, నీళ్లున్నాయి. ఎంతున్నాయో తెలియాలంటే వేడి చేయకముందూ చేశాకా తూచండి.

కొనేటప్పుడు టిన్ను లెక్కన కొనకండి, కాటా వేసి కిలోల్లో కొనండి. 15 లీటర్ల టిన్ను నిండా నూనె ఉన్నా 14 కిలోలు తూగదు. ఆపైన నీళ్లు, మడ్డి శాతం కోసేస్తామని మొదటిరోజే చెప్పండి. ఒకసారి కోయకుండా ఊరుకుంటే తర్వాతి నెల నీళ్లు పెరుగుతాయి, ఇది మాత్రం రాసి పెట్టుకోండి. అమ్మేదేమో లీటర్లలో. వంద కిలోల బయోడీజిల్ దాదాపు 113 లీటర్లు. కిలోకూ లీటరుకూ ఉన్న ఈ తేడా లెక్కల్లో కలిపేసుకుని లాభమొచ్చిందనుకునేవాళ్లు చాలామంది.

ఇప్పుడు తయారీ సంగతి. నూనె వడగట్టి, కాచి నీళ్లు పోగొట్టాక, వంద కిలోలకు సుమారు 22 కిలోల మెథనాల్, కిలో దాకా పొటాషియం హైడ్రాక్సైడ్ పడతాయి. 60 డిగ్రీల దగ్గర గంట, గంటన్నర కలియబెట్టాలి. 22 కిలోల్లో నిజంగా ఖర్చయ్యేది సగమే, మిగతాది చర్యను ముందుకు తోయడానికి వేసే అదనం. దాన్ని తిరిగి పట్టుకునే ఏర్పాటు యంత్రంలో లేకపోతే మీ లాభం ఆవిరైపోతున్నట్టే, ఈ మాట ఉన్నదున్నట్టుగానే తీసుకోండి. మీకు అమ్మజూపుతున్న యంత్రంలో మెథనాల్ రికవరీ ఉందా? కండెన్సర్ ఎంత? మోటార్లు ఫ్లేమ్‌ప్రూఫేనా, అంటే వాటి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా ఉంటుందా? ముందు ఈ మూడే అడగండి.

పులుపు ఎక్కువున్న నూనెకు ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఎస్టరిఫికేషన్ చేయాలి, అంటే ఊడిపోయిన ఆమ్లాన్ని మెథనాల్‌తో కలిపి ఎస్టర్‌గా మార్చాలి. ప్రతి కిలో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్‌కు రెండుంపావు కిలోల మెథనాల్, 50 గ్రాముల సల్ఫ్యూరిక్ యాసిడ్ అన్నది మొదలుపెట్టడానికి మంచి లెక్క. ఇక్కడ ఒక చిక్కుంది. ఆమ్లం ఎస్టర్‌గా మారేటప్పుడు నీళ్లు పుడతాయి, ఆ నీళ్లు పోగయ్యేకొద్దీ చర్య నెమ్మదించి ఆగిపోతుంది. అందుకే పది శాతం పులుపున్న నూనెను ఒక్క దెబ్బకు అర శాతానికి దించలేం. కొంత దించి, తేర్చి, నీళ్లతో ఉన్న మెథనాల్ పొరను తీసేసి, మళ్లీ చేయాలి. యాసిడ్ తగిలే భాగాలన్నీ మామూలు ఇనుమైతే ఏడాది తిరక్కుండానే చిల్లులు పడతాయి.

బ్యాచ్ సరిగ్గా వచ్చిందో లేదో అక్కడికక్కడే తెలుసుకోవాలంటే, 3 మిల్లీలీటర్ల బయోడీజిల్‌ను 27 మిల్లీలీటర్ల మెథనాల్‌లో పోసి ఊపండి. పూర్తిగా కరిగి తేటగా ఉంటే పర్వాలేదు. అడుగున నూనె చుక్క దిగితే మార్పు పూర్తికాలేదు. మన ఎండల్లో ఈ పరీక్ష కొంచెం ఉదారంగా పాస్ చేస్తుంది, 20 డిగ్రీల దగ్గర చేస్తేనే నమ్మండి. ఇది గుమ్మం దగ్గర పరీక్ష మాత్రమే. అమ్మాలంటే బయోడీజిల్‌కున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 15607 అందుకోవాలి: యాసిడ్ వాల్యూ 0.50 మించకూడదు, నీళ్లు 500 పీపీఎం మించకూడదు, మొత్తం గ్లిజరిన్ 0.25 శాతం లోపు ఉండాలి, ఎస్టర్ 96.5 శాతానికి తగ్గకూడదు.

ఆ చివరి అంకె దగ్గరే వాడేసిన నూనెతో చేసేవాళ్లు బోల్తా పడతారు. పదే పదే కాచిన నూనెలో అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. ఆ నూనె చేతికి జిగురుగా తగిలేది అందుకే. వాటిని ఎంత మెథనాల్ పోసినా మామూలు ఎస్టర్లుగా మార్చలేం. 3/27 పరీక్ష పాసవుతుంది, 96.5 పాసవదు. దీనికి మందు ఒకటే, తయారైన బయోడీజిల్‌ను వాక్యూమ్‌లో డిస్టిల్ చేయడం. పెద్ద ప్లాంట్లు చేసేది అదే. తేనె రంగు సరుకు నీళ్లలా తెల్లగా వస్తుంది, అడుగున తారులాంటి నల్లటి మడ్డి మిగులుతుంది. పది లక్షల యంత్రంలో ఇది ఉండదు. కాబట్టి మీ సరుకు ప్రమాణానికి నిలవాలంటే మరీ నలిగిన నూనె మీరు కొననే కూడదు.

గ్లిజరిన్ గురించి యంత్రం అమ్మేవాళ్లు చెప్పే కథలు వేరు. వంద కిలోల నూనెకు పది కిలోల గ్లిజరిన్ వస్తుంది, మందుల కంపెనీలు ఎగబడి కొంటాయంటారు. వచ్చేది గోధుమరంగు పాకం. అందులో గ్లిజరిన్ సగం, మిగతాది మెథనాల్, సబ్బు, క్షారం. దాన్ని మందుల దరిదాపులకు కూడా పోనివ్వకండి. యాసిడ్ వేసి విరగ్గొడితే సబ్బు మళ్లీ కొవ్వు ఆమ్లంగా మారి పైకి తేలుతుంది, దాన్ని తీసి తర్వాతి బ్యాచ్ ఎస్టరిఫికేషన్‌లో కలిపేయొచ్చు. మెథనాల్ లాగేశాక 80 శాతం పైన ఉన్న గ్లిజరిన్‌ను శుద్ధి చేసే కంపెనీలు కొంటాయి. అక్కడ దాన్ని డిస్టిల్ చేసి ఎపిక్లోరోహైడ్రిన్ లాంటి రసాయనాలకు పంపుతారు. నేను సోడియం హైడ్రాక్సైడ్ చవకైనా పొటాషియమే వాడమనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో విరగ్గొడితే దిగే ఉప్పు పొటాషియం ఫాస్ఫేట్, అది ఎరువు. సోడియం వాడితే వచ్చే ఉప్పును పారబోయడానికి కూడా చోటుండదు.

ఇక నూనె సేకరణ. మీరు పోటీ మరో బయోడీజిల్ ప్లాంటుతో అనుకుంటున్నారు. కాదండీ, పెద్ద హోటల్లో నలిగిన నూనె చిన్న బండివాడికి వంటనూనె ధరకు కాస్త తక్కువకు వెళ్తుంది, అతను మళ్లీ బజ్జీలు వేస్తాడు. మీరు పోటీ పడాల్సింది ఆ ధరతో. దీన్ని ఆపడానికే కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జులై నుంచి నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (వేపేకొద్దీ నూనె విరిగి పేరుకునే పదార్థాలు) 25 శాతం దాటితే వంటకు వాడకూడదంది. అదే ఏడాది ఆగస్టులో వాడేసిన వంటనూనెను సేకరించి బయోడీజిల్‌కు మళ్లించే రూకో పథకం తెచ్చింది. 2019 మార్చి నుంచి రోజుకు 50 లీటర్లు మించి వేపుడుకు వాడేవాళ్లు రికార్డు రాయాలి, గుర్తింపున్న సేకరణదారుకే పాతనూనె ఇవ్వాలి. స్వీట్ షాపుల వంటశాలలు, చిప్స్, మిక్చర్ తయారీదారులు, కాలేజీ హాస్టళ్లు, క్యాటరింగ్ వాళ్లు, వీళ్లే మీకు సరైన ఖాతాదారులు. రికార్డు భయం వీళ్లకుంటుంది, నూనె మరీ నలగకముందే మారుస్తారు కూడా. కర్రీ పాయింట్ల వెంట టీవీఎస్ బండి మీద తిరిగి రోజుకు నలభై లీటర్లు పోగేస్తే పెట్రోలు ఖర్చులు కూడా రావు.

అమ్మకం కూడా అనుకున్నంత తేలిక కాదు. రోడ్డు పక్కన డ్రమ్ము పెట్టి లారీలకు పోయడం కుదరదు. గుజరాత్‌లో అలా బయోడీజిల్ బోర్డు పెట్టి ఏవేవో పారిశ్రామిక నూనెలు అమ్మినందుకు పోలీసు కేసులు నడిచాయి. 2019 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డీజిల్‌లో కలపడానికి ప్రమాణానికి నిలిచే వంద శాతం బయోడీజిల్‌నే, అనుమతులతో అమ్మాలి. చమురు కంపెనీలు 2019 ఆగస్టులో వాడేసిన నూనెతో చేసిన బయోడీజిల్‌కు మొదటి ఏడాది లీటరుకు 51 రూపాయలు, రెండో ఏడాది 52.70, మూడో ఏడాది 54.50 అని ప్రకటించాయి. ఇప్పటి ధరలు తాజా టెండర్లలో చూసుకోండి. అవి ట్యాంకర్ లెక్కన అడుగుతాయి గానీ డ్రమ్ముల లెక్కన కాదు. జనరేటర్లు, బాయిలర్లు ఉన్న ఫ్యాక్టరీలు చిన్నవాళ్లకు నయం. శీతాకాలంలో జాగ్రత్త. మన హోటళ్లలో ఎక్కువగా వాడేది పామాయిల్, దాని బయోడీజిల్ 15 డిగ్రీల దగ్గరే మబ్బు పట్టి గడ్డకట్టడం మొదలుపెడుతుంది. విజయవాడలో ఇబ్బంది లేదు గానీ డిసెంబరులో అరకు, ఆదిలాబాద్ వైపు పంపితే ఫిల్టర్లు మూసుకుపోయాయని ఫోన్లొస్తాయి.

నన్నడిగితే మీరు తయారీతో కాక సేకరణతో మొదలుపెట్టండి. నూనె తెచ్చి, వేడి చేసి తేర్చి, వడగట్టి, నీళ్లు తీసి, పులుపు అంకె రాసిన కాగితంతో సహా పెద్ద ప్లాంటుకు ట్యాంకర్ నింపి పంపండి. కాకినాడ మీకు దగ్గరే, అక్కడ పెద్ద బయోడీజిల్ ప్లాంటుంది. ముందు వాళ్లతో ఒప్పందం, రూకో కింద నమోదు, తర్వాతే డ్రమ్ములు. ఇలా మంచి పాతనూనెకు ముందు ముందు గిరాకీ పెరిగేదే గానీ తగ్గేది కాదు. ఎందుకంటే ఇప్పుడు విమాన ఇంధనం కూడా దీనితోనే చేస్తున్నారు. అక్కడ మెథనాల్ కాదు, అధిక పీడనంలో హైడ్రోజన్‌తో నూనెలోని ఆక్సిజన్‌ను లాగేస్తారు, వచ్చేది అచ్చం పెట్రోలియం ఇంధనంలాంటి హైడ్రోకార్బనే. ఇండియన్ ఆయిల్ పానీపట్ రిఫైనరీకి 2025లో ఈ రకం ఇంధనానికి అంతర్జాతీయ ధ్రువీకరణ వచ్చింది. అంతర్జాతీయ విమానాల్లో 2027లో 1 శాతం, 2028లో 2, 2030లో 5 శాతం కలపాలన్నది కేంద్రం లక్ష్యం. వాళ్లకు కావలసింది ఎక్కడ ఎవరి దగ్గర ఎంత కొన్నారో బిల్లులతో చూపించగలిగే నూనె. ఆ బిల్లులు మొదటిరోజు నుంచే దాచండి.

తయారీ మీదే మనసుంటే హోటళ్ల నూనెను నమ్ముకోకుండా రిఫైనరీల వెనకాల చూడండి. మిర్యాలగూడ, గోదావరి జిల్లాల తవుడు నుంచి తీసే నూనెలో మిల్లు ఆడిన కొన్ని గంటల్లోనే పులుపు పెరగడం మొదలవుతుంది, తవుడులోని లైపేజ్ అనే ఎంజైము పని అది. ఆ నూనెను క్షారంతో శుద్ధి చేసేటప్పుడు సోప్‌స్టాక్ అనే సబ్బు మడ్డి, దాన్ని యాసిడ్‌తో విరగ్గొడితే యాసిడ్ ఆయిల్ వస్తాయి. కాకినాడ, కృష్ణపట్నం పామాయిల్ రిఫైనరీల్లో నూనెను శుద్ధి చేసేటప్పుడు ఆవిరిగా లాగేసిన ఫ్యాటీ యాసిడ్ డిస్టిలేట్ వస్తుంది, అందులో 80 శాతం పైగా ఫ్రీ ఫ్యాటీ యాసిడే. ఇవి ప్రతిరోజూ ఒకే గుణంతో, టన్నుల్లో దొరుకుతాయి. సబ్బుల కంపెనీలు కూడా కొంటాయి కాబట్టి చవక కాదు, అయినా రోజుకో రకం నూనెతో కుస్తీ ఉండదు.

మెథనాల్ గురించి ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పాలి. దాన్ని కొనడానికీ నిల్వకూ లైసెన్సు కావాలి. 64.7 డిగ్రీలకే మరుగుతుంది, 11 డిగ్రీలు దాటితే చాలు దాని ఆవిరి అంటుకోగలదు, అంటే మన దగ్గర ఏడాది పొడుగునా. పగటి వెలుతురులో దాని మంట కనపడదు. నీలంగా ఏదో కదులుతున్నట్టు ఉంటుంది, దగ్గరికి పోయాక చెయ్యి కాలుతుంది. మామూలు నురగ దాని మీద నిలవదు, ఆల్కహాల్‌కు తట్టుకునే నురగ సిలిండర్లే కొనాలి. కొంచెం కడుపులోకి పోయినా కళ్లు పోతాయి, కాబట్టి కూలివాళ్లకు అది స్పిరిట్ కాదని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి డ్రమ్ము మీద అంటించి, తాళం వేసి ఉంచండి. ఇంటి పెరట్లోనో కల్యాణమండపం పక్క షెడ్డులోనో ఈ పని పెట్టకండి, అనుమతులు వచ్చినా సరే.

ముందు నాలుగైదు చోట్ల నూనె తెచ్చి, పైన చెప్పినట్టు యాసిడ్ వాల్యూ, నీళ్ల శాతం తీసి ఇక్కడే పెట్టండి. ఏ నూనెలో వేపారు, ఎన్ని రోజులకోసారి మారుస్తారు అన్నది కూడా రాయండి. దాన్నిబట్టి ఏ నూనెకు కిలోకు ఎంత దాకా పెట్టొచ్చో, మెథనాల్ ఎంత పడుతుందో లెక్క కట్టి చెప్తాను.